జోరో కన్ను, గన్నారెడ్డి ముసుగు

ఇందులో మాట్లాడేది ఇద్దరు. అల్లుడు గద్వాలలో డిగ్రీ చివరి ఏడు చదువుతున్నాడు. మామ వనపర్తిలో తెలుగు లెక్చరర్‌గా చేసి రిటైరయ్యాడు. నాగర్‌కర్నూలులో చుట్టాల పెళ్ళికి గద్వాల నుంచి ఒకే కారులో బయలుదేరాం. నాది వెనక సీటు. నన్ను ఎవరూ తీర్పు అడగలేదు. అయినా అక్కడక్కడ బ్రాకెట్లలో నోరు పెట్టాను.

మామ: పొద్దట్నుంచి చూస్తున్న, ఆ ఫోనులనే మునిగి ఉన్నవ్. ఆ బొమ్మ ఎవరిదిరా? పచ్చ జుట్టు, రెండు చేతులల్ల రెండు కత్తులు, నోట్ల ఇంకొకటి, ఎడమ కన్ను మూత.

అల్లుడు: జోరో మామా. రొరొనోవా జోరో. ‘వన్ పీస్’ అని జపాన్ మాంగా ఉన్నది. ఎయిచిరో ఓడా అనేటాయన 1997 జులైల మొదలువెట్టిండు. ఇంక నడుస్తనే ఉన్నది.

మామ: అంటే నీకంటె పెద్దది.

అల్లుడు: పెద్దదే. జోరో మూడో అధ్యాయంలనే వస్తడు. అప్పటి నుంచి అభిమానులకు ఆయన మీద రెండే ప్రశ్నలు. ఎక్కడోడు? లోపల ఏమున్నది?

మామ: చెప్పు. ఎర్రవల్లి చౌరస్తా దాక వింట.

అల్లుడు: మొదలు కన్ను సంగతి. కథ నడుమ రెండేండ్లు అందరు తలా ఒక దిక్కు పోతరు. జోరో పోయి మిహాక్ దగ్గర కత్తి నేర్చుకుంటడు. మిహాకంటే లోకంల అందరికంటె పెద్ద కత్తివీరుడు. జోరో ఓడగొట్టాలనుకున్నది కూడ ఆయన్నే. 2010ల కథ మళ్ళ ఎత్తుకున్నప్పుడు చూస్తే జోరో ఎడమ కన్ను మీద నిలువు గాటు, కన్ను మూత. ఎట్లయిందో ఓడా చెప్పలే. కన్ను పోయిందని కొందరంటరు. పోలేదు, తనే మూసి పెట్టుకున్నడు, తెరిచిననాడు లోపలి బలం బయటికొస్తదని కొందరంటరు. అంతకుముందే కాకు అనేటోనితోటి కొట్లాటల జోరోకు మూడు తలలు, ఆరు చేతులు, తొమ్మిది కత్తులు కనవడ్డయి. ఆ విద్య పేరే అసుర. కాబట్టి లోపల అసురుడున్నడు, ఆ కన్ను ఆయనకు తలుపు అని థియరీ.

మామ: మూడో కన్నును ఎడమ కన్ను చేసిన్రు, అంతే కద. ఆలంపురం పోతే తొమ్మిది గుళ్ళల్ల ఆ కన్ను దేవుడే ఉన్నడు.

అల్లుడు: నీకు ఎగతాళే మామా.

మామ: ఎగతాళి కాదురా. కొత్తదనుకోని మురుస్తున్నవ్, పాతదే అంటున్న. సరే, పుట్టుక సంగతేంది?

అల్లుడు: అది ఇంకా మంచిగుంటది. జోరోది ఈస్ట్ బ్లూ సముద్రంల షిమొత్సుకి అనే చిన్న ఊరు. వానో అని ఇంకో దేశమున్నది, సమురాయిలది. ఆ దేశంల షిమొత్సుకి అని ఒక దొరల వంశం. ఊరి పేరు, వంశం పేరు ఒకటే అని అభిమానులు పట్టుకున్నరు. తర్వాత ఉషిమారు అని ఎన్నడో చచ్చిపోయిన దొర బొమ్మ వచ్చింది, అచ్చం జోరో పోలిక. అప్పుడే అన్నరు, ఈయన ఆ ఇంటి బిడ్డనే అని. 2021 చివర్ల 1033వ అధ్యాయం వచ్చింది. 55 ఏండ్ల కింద వానో నుంచి కొందరు పడవెక్కి దాటి వచ్చి ఆ ఊర్ల నిలిచిపోయిన్రని అండ్ల తేలింది. 2023ల 105వ సంపుటం వచ్చింది. పాఠకుల ప్రశ్నలకు జవాబులిచ్చే పేజీల ఓడా వంశమంత రాసిండు. జోరో నాయనమ్మ ఫురికో, ఉషిమారు తోడబుట్టింది. వాళ్ళది రియూమా వంశం. రియూమా అంటే వానోల కత్తి దేవుడని మొక్కుతరు. అభిమానులు గెలిచిన్రు మామా!

మామ: గెలిచిన్రు. జోరో ఓడిండు.

అల్లుడు: ఎట్ల?

మామ: చిన్నప్పుడు కత్తి ఎట్ల నేర్చుకున్నడు?

అల్లుడు: గురువు బిడ్డ కుయినాతోటి పోటీవడి. ఆమె చేతిల 2,001 సార్లు ఓడిండు. ఒక్కనాడు గెలువలే. ఆమె మెట్ల మీద నుంచి పడి చచ్చిపోయింది. ఆమె తెల్ల కత్తి అడిగి తెచ్చుకున్నడు, లోకంల మొదటి కత్తివీరుణ్ణైత అని మాటిచ్చిండు.

మామ: ఇగ చూడు. 2,001 సార్లు ఓడినోడు 2,002వ నాడు పొద్దున లేచి మళ్ళ కత్తి పట్టిండు. ఆ పోరనికి అమ్మ ఎవరో, అయ్య ఎవరో నాకు అక్కర లేదు. మీకు అక్కర వడ్డది. ఇంత బలమున్నోడు ఎవని బిడ్డనో కావాలె అనుకున్నరు, ఎతికి ఎతికి దేవుని వంశంల కలిపిన్రు. రక్తంల ఉన్నదనంగనే చెమట లెక్క కొట్టేసినట్టే. ఆ 2,001 ఓటములు ఇప్పుడు ఏ పద్దుల రాస్తవ్?

అల్లుడు: నేను కలపలే మామా. రాసినాయనే కలిపిండు.

మామ: ఏడ కలిపిండు? కథలనా?

అల్లుడు: ప్రశ్నల పేజీల.

మామ: చూసినవా? అడిగి అడిగి సంపుతుంటే చెప్పిండు. కథల పెట్టలే. జోరోకు ఎవలన్న చెప్పిన్రా, నువ్వు ఫలానా వంశపోనివని?

అల్లుడు: చెప్పినట్టు చూపలే.

మామ: ఆయన తెలివిగలోడు. పుట్టుక విలువ ఎంతనో ఆయనకు ఎరుక. అందుకే గడప అవతల పెట్టిండు.

(ఇక్కడ అల్లుడు కొంతసేపు ఏమీ అనలేదు. నా ఉద్దేశంలో మామ ఈ దెబ్బ బాగా కొట్టాడు. అయితే ఇలాంటి దెబ్బ కొట్టిన మనిషి ఆ తర్వాత పది నిమిషాలు చాలా నిర్లక్ష్యంగా వాదిస్తాడు. అదే జరిగింది.)

అల్లుడు: కర్ణుని సంగతి మరి? ఆయన కథ అంత పుట్టుక మీదనే కద నిలవడ్డది.

మామ: సరిగ చదువు. కర్ణునికి అంగరాజ్యం ఎప్పుడొచ్చింది? సూతపుత్రుడు అని నలుగుర్ల తిట్టిననాడు. దుర్యోధనుడు పుట్టుక అడగలే, విలువిద్య చూసిండు. పుట్టుక తెలిసినంక ఏమొచ్చింది? కుంతి వచ్చి అడిగితే నలుగురు తమ్ముళ్ళను చంపనని మాటిచ్చుకున్నడు, అంతే. తెలియనన్ని దినాలు రాజు, తెలిసినంక చేతులు కట్టేసుకున్నోడు.

అల్లుడు: అయితే నీ లెక్కల థియరీలు కట్టుడే తప్పు. మరి కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపిండని నువ్వు అమ్మతోటి పందెం కాయలేదా? 2015 జులై 10 నుంచి 2017 ఏప్రిల్ 28 దాక తెలుగోల్లకు వేరే ముచ్చటున్నదా?

మామ: నేను రాజమాత ఆజ్ఞ అన్న. గెలిచిన.

అల్లుడు: థియరీ కడితేనే కద గెలిచినవ్!

మామ: అది పుట్టుక థియరీ కాదురా, నడత థియరీ. కట్టప్ప ఎసొంటోడో మొదటి సగం సినిమాల చూపిచ్చిన్రు. ఆ మనిషి మాట దాటడు. మాట దాటనోడు ఆ పని చేసిండంటే ఆజ్ఞ ఇచ్చేటోళ్ళు చెప్పి ఉండాలె. పాత్ర గుణం మీద కట్టిన. నువ్వు కండ్లు, పేర్లు, పోలికలు పట్టుకోని కడుతున్నవ్.

బీచుపల్లి వంతెన వచ్చింది. కృష్ణ నిండుగా లేదు, రాళ్ళు తేలి ఉన్నాయి. ఇద్దరూ ఆంజనేయుని గుడి వైపు చేతులు జోడించారు. వాదం ఆగుతుందనుకున్నాను గానీ గుడి చూడగానే మామకు కొత్త ఊపు వచ్చింది.

మామ: ఈ గుడిల పూజారులు బోయలు, ఎరుకనే కద? గద్వాల సోమనాద్రి కథల ఒక బోయ యోధుడున్నడు. సోమనాద్రి అంటే మీ కోట కట్టినాయన, 17వ శతాబ్దం మనిషి. కర్నూలు నవాబుతోటి యుద్ధం. సోమనాద్రి గుర్రం శత్రువులకు చిక్కింది. దాన్ని తెస్తనని ఈ బోయాయన పోయి వాళ్ళ గుర్రాల శాలల గడ్డి కింద పండుకున్నడు. రాత్రి సాయీసు వచ్చి గుర్రం కట్టేటందుకు మేకు కొట్టిండు. అది గడ్డి కిందున్న చేతిల నుంచి భూమిల దిగింది. కిక్కురుమనలే. అందరు పండుకున్నంక చెయ్యి తెంపుకోని గుర్రాన్ని తెచ్చిండని చెప్తరు. నాకు కావలసిన దాగిన బలం అది. ఎవని బిడ్డ, ఏ వరం, ఏ కన్ను, ఇవేమీ లేవు. నొప్పి ఓర్చిండు.

అల్లుడు: ఇది నమ్ముతవ్. నోట్ల కత్తి పట్టుకుంటే మాత్రం నవ్వుతవ్. చెయ్యి తెంపుకున్నోడు నెత్తురు కార్చుకుంట గుర్రమెక్కి నది దాటి ఎట్లొచ్చిండు మామా? నువ్వు చెప్పిన కథల ఎన్ని బొక్కలున్నయో చూసినవా? అండ్ల ఒక బొక్క పూడ్చాలంటె హనుమంతుడు ఆయన మీదికొచ్చిండు అనాలె. ఆ పక్కనే గుడి ఉన్నది. రేపు ఎవరన్న ఆ మాట అంటరు, ఎల్లుండి అది కథల కలుస్తది.

మామ: కలిసే ఉంటది కూడ.

అల్లుడు: మరి అప్పుడు చెమట లెక్క ఏమైతది?

మామ: ...చాయ తాగుదాం, పెబ్బేరు రాని.

(పెబ్బేరులో ఆగలేదు. వనపర్తిలో ఆగాం. రాజావారి మహలు ఇప్పుడు పాలిటెక్నిక్ కాలేజీ. దాని ముందు నుంచి పోయినప్పుడల్లా మామ ఏదో ఒక చరిత్ర చెప్పకుండా ఉండడు. ఈసారి ఎత్తుకున్న వీరుడు మాత్రం వనపర్తి వాడు కాదు.)

మామ: పరాయి దేశం వీరులు నీకెందుకురా? ఇంకొక గంటల మనం పోయే తొవ్వల నంది వడ్డెమాన్ ఉన్నది, బిజినేపల్లి మండలం. కాకతీయుల కాలంల అది వర్ధమానపురం. గోన వంశపోళ్ళ రాజధాని. గోన గన్నారెడ్డి ఆడివాడే. పగటిపూట గజదొంగ. సామంతులను కొల్లగొడతడు. లోపల మాత్రం రుద్రమదేవి పక్షం. ఆమె మీద కుట్ర చేసేటోళ్ళ నడుము విరగ్గొట్టేటందుకే ఆ వేషం. ఇంతకంటె పెద్ద రహస్యం మీ జోరోకున్నదా?

అల్లుడు: ఏ పేజీల ఉన్నది?

మామ: ఏంది?

అల్లుడు: మేము థియరీ పెడితే అధ్యాయం నంబరు, పేజీ, బొమ్మల ఏ మూల ఉన్నదో చెప్పాలె. లేకపోతే ఎవడూ వినడు. గన్నారెడ్డి ముసుగేసిన గజదొంగ అని ఏ శాసనంల ఉన్నది?

మామ: అడివి బాపిరాజు నవల ఉన్నది. దాని పేరే ‘గోన గన్నారెడ్డి’.

అల్లుడు: నవల! ఆయన భీమవరం దిక్కు మనిషి, 20వ శతాబ్దం మనిషి. గన్నారెడ్డి 13వ శతాబ్దం, నాగర్‌కర్నూలు దిక్కు. ఆరు వందల ఏండ్లు దాటినంక మన వీరునికి ముసుగు తొడిగిండు. 2015 అక్టోబరు 9న ‘రుద్రమదేవి’ సినిమా వచ్చింది, అల్లు అర్జున్ ఆ ముసుగుతోటే గుర్రమెక్కిండు. అదే నువ్వు నాకు చెప్తున్నవ్. దీన్ని మేమేమంటమో తెలుసా? ఫ్యాన్ థియరీ.

మామ: బాపిరాజు దాన్ని చరిత్ర అని అమ్మలే. నవల అని అచ్చేసి సంతకం పెట్టిండు.

అల్లుడు: నువ్వు పెట్టలే కద సంతకం! “ఆడివాడే, పగటిపూట గజదొంగ” అని గుద్ది చెప్పినవ్.

(మామ గ్లాసు కింద పెట్టి డ్రైవర్ని తొందర పెట్టాడు. కారు ఊరు దాటాక మాట్లాడాడు. ఈ భాగం వినడానికే నేను ఆ వెనక సీటులో కూర్చున్నాననిపించింది.)

మామ: శాసనం అడిగినవ్ కద. ఉన్నది. మీ గద్వాల నుంచి రైలెక్కితే రాయచూరు. కోట గోడల ఒక రాయి ఉన్నది, 41 అడుగుల పొడుగు. దాని మీద తెలుగు శాసనం, 1294 నాటిది. అప్పటికి రుద్రమదేవి లేదు. చందుపట్ల శాసనాన్ని బట్టి 1289లనే పోయింది. రాయి పడ్డది ప్రతాపరుద్రుని కాలంల. గోన గన్నయ కింద విఠలనాథుడని సేనాని. ఆదవాని, తుంబళం, మానువ, హాలువ కోటలు పట్టి రాయచూరుల అడుగువెట్టిండు. జనానికి అభయమిచ్చిండు, గట్టి గోడ కట్టిచ్చిండు. శాసనం చెప్పేది అది.

అల్లుడు: గజదొంగ?

మామ: లేడు.

అల్లుడు: ముసుగు?

మామ: లేదు. ఇంకొకటి ఉన్నది. ఆ రాయి పక్కన గోడ మీద బొమ్మ చెక్కిన్రు. అంత పొడుగు రాయిని బండి మీదికెక్కిచ్చి దున్నపోతుల బారు కట్టి గుంజుకొస్తున్న బొమ్మ. గన్నారెడ్డి ఎవని బిడ్డ అన్న దానికి ఎన్నో పుస్తకాలున్నయి. ఆ రాయి ఎట్లొచ్చిందో మాత్రం ఆ కాలపోడే బొమ్మ గీసి పెట్టిండు. నాకు ఆ దున్నపోతుల బారు ముద్దొస్తది.

అల్లుడు: ఇంత మంచి సాక్ష్యం చేతుల పెట్టుకోని ముసుగు కథ ఎందుకు చెప్పినవ్ మామా?

మామ: రాయి ఊరుకుంటది. కథ ఊరుకోదు. నీకు జోరోను చూస్తే ఎట్లనో నాకు గన్నారెడ్డిని చూస్తే అట్ల. మా దిక్కు వీరుడు. ఆయన పేరు ఎట్ల పాడైందో తెలుసా? రాయచూరు కోట ఎవరు కట్టిన్రు అంటే ఇంగ్లీషు రాతలల్ల “గోరె గంగయ్య రుద్దివారు” అని అచ్చైంది. గోన గన్నయ రెడ్డి వారు అనే మాట అట్ల నలిగింది. ఇప్పటికీ దాన్నే ఎత్తి రాస్తున్నరు. పేరే సరిగ రాయని మనిషికి బాపిరాజు ఒక గుండెకాయ పెట్టిండు. నేను కాదంటనా?

అల్లుడు: కాదనకు. కానీ నా జోరోకు ఎవరన్న పెడితే అట్లనే ఊరుకో.

ఇక్కడితో అయిపోతే సమంగా వదిలేసినట్టు ఉండేది. బిజినేపల్లి దగ్గర పడేకొద్దీ మామ తన చేతికి తానే సంకెళ్ళు తెచ్చి ఇచ్చాడు.

మామ: ఈ గోన వంశంలనే బుద్ధారెడ్డి ఉన్నడు. ‘రంగనాథ రామాయణం’ రాసిండు. తెలుగుల ద్విపద రామాయణమంటే మొదలు అదే. ఆరు కాండలు ఆయన రాస్తే ఉత్తరకాండ కొడుకులు కాచడు, విఠలుడు రాసిన్రు. ఉడుత కథ ఎరుకనా నీకు?

అల్లుడు: వారధి కట్టేటప్పుడు ఉడుత ఇసుక మోసింది. రాముడు వీపు నిమిరితే చారలు వడ్డయి.

మామ: వాల్మీకిల లేదు.

అల్లుడు: లేదా!

మామ: లేదు. సులోచన కథ కూడ లేదు. ఇంద్రజిత్తు భార్య సులోచన మొగుని తల కోసం రాముని దగ్గరికి వచ్చుడు, అదంత మన దిక్కుదే. బుద్ధారెడ్డి ద్విపదల పెట్టిండు.

అల్లుడు: ఒక్క నిమిషం మామా. వాల్మీకి ఒక జాగ ఖాళీగ వదిలిపెట్టిండు. రాక్షసుణ్ణి చంపిండు, వాని ఇంట్ల ఆడామె ఏమైందో చెప్పలే. వడ్డెమాన్ పాలించినాయన ఆ ఖాళీల కథ పెట్టిండు. జనం దాన్ని రామాయణం అన్నరు. అట్లయితే బుద్ధారెడ్డి వాల్మీకికి...

మామ: అనకు.

అల్లుడు: ఫ్యాన్ మామా! ఏడు వందల ఏండ్ల కింద నాగర్‌కర్నూలు జిల్లాల ఉన్న పెద్ద ఫ్యాన్.

మామ: నోరు మూసుకో. ఆయన కవి. థియరీ చెప్పలే, పద్యం కట్టిండు. ద్విపదల కట్టాలంటె గణం కుదరాలె, ప్రాస కుదరాలె, విననికొచ్చినోడు లేచి పోవద్దు. నువ్వు ఫోనుల నాలుగు ముక్కలు రాసుడు, ఆయన రామాయణం రాసుడు ఒకటేనా?

అల్లుడు: కష్టం ఒకటి కాదు. ఖాళీ పూడ్చే పని మాత్రం ఒకటే. ఇంకొకటి అడుగుత. బుద్ధారెడ్డి రాస్తే దాన్ని రంగనాథ రామాయణం అని ఎందుకంటరు?

మామ: అది పెద్ద లొల్లి. పుస్తకంల బుద్ధారెడ్డి తన తండ్రి విఠల భూపతి పేరు మీద చెప్తున్న అంటడు. విఠలుడంటే పాండురంగడు, పాండురంగడంటే రంగనాథుడే, అట్ల ఆ పేరొచ్చిందని ఒక వాదం. కాదు, రంగనాథుడనే కవి వేరే ఉన్నడు, ఆయన రాసి రాజు పేరు పెట్టిండని ఇంకొక వాదం. పండితులు పుస్తకాలకు పుస్తకాలు రాసుకున్నరు.

అల్లుడు: పేరు పోలిక పట్టుకోని పుట్టుక ఎతికిన్రు. షిమొత్సుకి ఊరు, షిమొత్సుకి వంశం లెక్కనే. అయితే మామా, కవి తండ్రి విఠలుడు, కవి కొడుకు విఠలుడు, రాయచూరు రాయి మీద విఠలనాథుడు. ఈ ముగ్గుర్ల ఇద్దరు ఒక్కరే కాదు కద?

మామ: వచ్చినవా దారికి! చాయ తాగి గంట కాలే, గోన వంశం మీద థియరీ మొదలువెట్టినవ్.

అల్లుడు: చెప్పు, ఒక్కరేనా?

మామ: పేరొక్కటే సాక్ష్యమైతే చెప్పొద్దు. తాత పేరు మనుమనికి పెట్టుడు మన అలవాటు. ఇంటికి నలుగురు విఠలులుంటరు. గోన బుద్ధారెడ్లు కూడ ఒక్కరా, ఇద్దరా అని కొట్లాడినోళ్ళున్నరు. సాక్ష్యం దొరికేదాక చేతులు కట్టుకోవాలె.

(ఈ మాటను అల్లుడు జోరో ఎడమ కంటికి కూడా వర్తింపజేస్తాడేమోనని చూశాను. వర్తింపజేయలేదు. ప్రేమ అలాంటిది.)

నంది వడ్డెమాన్ తొవ్వ దాటినంక మామ గొంతు మారింది. అప్పటిదాకా మాంగాను తిట్టడం ఆయనకు సరదా. ఇప్పుడు అనేది సరదాకు కాదు.

మామ: నీ జోరో సంగతిల ఒక సుఖమున్నది. రాసినాయన బతికి ఉన్నడు. మీరెన్ని కట్టినా చివరికి ఆయన ఒక మాట అంటే తెగిపోతది. మన పండుగ సాయన్న సంగతి చూడు. పాలమూరు అంత పాడిన పాట. ఉన్నోళ్ళను కొట్టి లేనోళ్ళకు పెట్టిండు. సర్కారోళ్ళు చంపిన్రు. రాసినాయన ఎవరు? ఎవరూ కారు, అందరూ. తీర్పు చెప్పేటోడు లేడు. అట్లాంటి వీరుని పుట్టుక మీద థియరీ లేస్తే ఏమైతదో నీకు తెల్వదు. మా కులపోడు అంటే మా కులపోడు. మా ఊరోడంటే మా ఊరోడు. జోరో ఏ వంశమైనా గద్వాలల ఎవని చేను గట్టు జరగదు. సాయన్న, గన్నారెడ్డి, వీళ్ళ వంశం జరిగితే విగ్రహం జరుగుతది, జెండా మారుతది, ఓట్లు మారుతయి. అందుకే పుట్టుక మాట వింటే నాకు ఒళ్ళు మండుతది.

అల్లుడు: అది పుట్టుక అడిగినోని తప్పా, దాన్ని అమ్ముకున్నోని తప్పా? అవుసలికుంట మొగులయ్యను చూడు. లింగాల మండలం, ఈ నాగర్‌కర్నూలు జిల్లానే. పన్నెండు మెట్ల కిన్నెర పట్టుకోని సాయన్నను, పానుగంటి మియాసావును, బండోల్ల కురుమన్నను పాడిండు. 2022ల పద్మశ్రీ వచ్చింది. ‘భీమ్లా నాయక్’ సినిమా పాటకు మొదలు ఆయన గొంతే. ఆ మొదలుల ఏమున్నది? వీరుడు ఏడ పుట్టిండు, అమ్మ పేరు, నాయన పేరు, తాత పేరు, ముత్తాత పేరు. కిన్నెర పాట కూడ పుట్టుక అడిగే లేస్తది మామా.

మామ: విన్నవు గానీ సరిగ వినలే. ఆ పుట్టుకల రాజున్నడా? దేవుని వంశమున్నదా? నల్లమల దిక్కు తండా ఉన్నది, గుట్ట ఉన్నది, వాగున్నది. అది వంశం కాదు, అడ్రసు. ఈ ఊర్ల, ఈ ఇంట్ల, ఇసొంటోడు పుట్టిండు, మీ ఇంట్ల కూడ పుడతడు అని చెప్పేది అది. నువ్వు చెప్పిన ఫురికో కథ దానికి ఎదురు. మామూలోడు అనుకున్నరు, కాదు, పెద్దింటోడు అని చెప్పేది. రెండిటి పేరు పుట్టుకనే. ఒకటి వీరుణ్ణి మన వాకిట్లకు తెస్తది, ఇంకొకటి ఎత్తుకపోయి కోటల పెడతది.

అల్లుడు: ...ఇది ఒప్పుకుంట. జోరోకు వంశం దొరికిననాడు ఎగిరిన, నిజమే. కానీ రెండు దినాలైనంక కొంచెం వెలితిగనే ఉండె.

మామ: ఎందుకు?

అల్లుడు: ఇగ ఎతికేటందుకు ఏం లేకుండ పోయింది.

(నాకు ఈ జవాబు నచ్చింది. మామకు నచ్చలేదు. ఆయన వెలితి వేరే కారణంతో ఉండాలని ఆశపడ్డాడు.)

మామ: అంటే నిజం మీద మీకు మోజు లేదు. ఎతుకుడు మీద మోజు.

అల్లుడు: ఎతుకుడు తప్పా? నువ్వే చెప్పినవ్, రాయచూరు రాయి పేరు తప్పు చదివితే ఇన్నేండ్లు తప్పే నడిచిందని. మా లెక్క పేజీ నంబరుతోటి అడిగేటోడు ఒక్కడున్నా నడిచేదా? మా దగ్గర ఓడిపోయిన థియరీలు ఎన్నో. తషిగి అని ఇంకొక కత్తి పట్టే ఆమె అచ్చం కుయినా లెక్కనే ఉంటది. కుయినా చావలే, ఆమెనే ఈమె అని ఏండ్ల కొద్ది రాసుకున్నరు. సాక్ష్యం రాలే, చల్లగయింది. మీ దిక్కు మాత్రం సినిమాల ముసుగొస్తే అదే చరిత్ర. సాయన్న పాట నాగర్‌కర్నూలుల ఒక తీరు, వనపర్తిల ఒక తీరు ఉంటది అంటవు కద. ఏ తీరు ఎవరు పాడిన్రో, ఏ ఊర్ల పాడిన్రో ఎవరన్న రాసి పెట్టిన్రా?

మామ: బిరుదురాజు రామరాజు అసొంటోళ్ళు పాటల కోసం ఊర్లు తిరిగిన్రు. 1958ల ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ అచ్చైంది. సురవరం ప్రతాపరెడ్డి సంగతి నీకు చెప్పాల్నా? మీ గద్వాల దిక్కు ఇటిక్యాలపాడు మనిషి, 1952ల మా వనపర్తి నుంచి గెలిచిండు. తెలంగాణల కవులే లేరు అని ఎవరో అంటే తిట్టి ఊరుకోలే. ఊరూర నుంచి పేర్లు, పద్యాలు తెప్పిచ్చి 1934ల ‘గోలకొండ కవుల సంచిక’ వేసిండు. 354 మంది కవులు. థియరీకి జవాబు థియరీ కాదు, పట్టిక.

అల్లుడు: పట్టిక చేసుడే కద మామా మేము చేసేది. కాకపోతే తప్పు వీరునికి చేస్తున్నం అంటవ్.

మామ: తప్పు వీరుడు అనను. ఆ పోరడు 2,001 సార్లు ఓడిండు, నాకు నచ్చిండు. ఆ కన్ను ఒక్కటి వదిలిపెట్టున్రి.

పెళ్ళి మండపం ముందు కారు ఆగింది. వాదంలో ఎవరు గెలిచారంటే నా తీర్పు ఇది. పుట్టుక గురించి మామ చెప్పింది ఒప్పు. సాక్ష్యం గురించి అల్లుడు చెప్పింది ఒప్పు. సాక్ష్యమే ముందు కావాలి కాబట్టి అల్లునికి అర మార్కు ఎక్కువ.

ఇక పాఠకులకు ఒక మనవి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల్లో పండుగ సాయన్నను, మియాసావును, సోమనాద్రిని పాడేవాళ్ళు, చెప్పేవాళ్ళు మీ ఊళ్ళో ఇంకా ఉంటే ఫోనులోనే రికార్డు చేయండి. వారి అనుమతితో పాడినవారి పేరు, ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, తేదీ, ఈ నాలుగూ పక్కన రాయండి. రెండు ఊళ్ళల్లో కథ రెండు రకాలుగా ఉంటే రెండూ ఉంచండి. ఏది అసలుదో అప్పుడే తేల్చవద్దు.